సిగరెట్ మానలేకపోవడానికి మా ఆఫీసే కారణం, ఏం చెయ్యాలి?

రాత్రిడ్యూటీ
హైదరాబాద్‌లో ఐటీ సపోర్టు, నైట్ షిఫ్టు. రోజుకు పది సిగరెట్ల పాకెట్ ఒకటి, పైన రెండో మూడో విడివి. మానాలని ఉంది గానీ చుట్టూ ఉన్నోళ్ళు మాననివ్వరు. టీమ్ లీడే వచ్చి "పద, దమ్ము కొట్టొద్దాం" అని కుర్చీలోంచి లేపుతాడు. గేటు ఎదురుగానే పాన్ డబ్బా. ఇంటికెళ్తే వాసనని గొడవ, ఆ గొడవకి ఇంకొకటి. కంపెనీ మారితే తప్ప ఇది వదలదనిపిస్తోంది. షిఫ్టు మారేదాకా ఆగాలా, ఇప్పుడే మొదలుపెట్టాలా?

కాకినాడ_కాజా
పాన్ డబ్బావాడు, టీమ్ లీడు, ఇంటావిడ ముగ్గురూ కలిసి మీ నోట్లో పెడుతున్నారన్నమాట. మరి అగ్గిపుల్ల గీసేదెవరు?

హైటెక్_బాతు
కాజా, వెటకారంతో మానినవాడు లేడు. అతను చెప్పిన కారణాలన్నీ నిజమే. నిద్ర తక్కువైతే చిరాకు పెరుగుతుంది, పక్కన నలుగురు కాలుస్తుంటే చెయ్యి దానంతటదే పోతుంది. కాకపోతే కారణం ఎవరిదైనా పని ఎవరిదన్నది వేరే ప్రశ్న. టీమ్ లీడు కారణమే అనుకుందాం. అతనితో మాట్లాడే పని టీమ్ లీడు చెయ్యడు కదా, ఇతనే చెయ్యాలి.

సంకల్ప_బలం
ఇంత చర్చ ఎందుకు? మనసు గట్టిగా ఉంటే ఈ క్షణమే మానేయొచ్చు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు 41 రోజులు ముట్టుకోరు. వాళ్ళకేం నికోటిన్ గమ్ములు, బిళ్ళలు ఉన్నాయా?

పాతనాగలి
మాల తీసిన సాయంత్రం వాళ్ళలో సగం మంది ఎక్కడ నిలబడి ఉంటారో కూడా చెప్పు నాయనా.

మందుల_చీటీ
మాల మంచి ఉదాహరణే, కానీ అది మనోబలం ఒక్కదాని కథ కాదు. దీక్షలో ఏమేం మారతాయో చూడండి. లేచే టైము, బట్టలు, పడక, తిండి, పిలిచే పేరుతో సహా. పాన్ డబ్బా దగ్గర స్నేహితుడు కూడా "స్వామి" అని ఒక అడుగు వెనక్కేస్తాడు, సిగరెట్ చాచడు. తాగుడు కూడా బంద్. అంటే అలవాటుని లాగే తాళ్ళన్నీ ఒకేరోజు తెగుతాయి. మాల తీసినరోజు అవన్నీ ఒకేసారి మళ్ళీ కట్టుకుంటాయి. తర్వాతి రోజుకి ఏం ఏర్పాటూ ఉండదు.

ఇంకో సంగతి. రక్తంలో నికోటిన్ దాదాపు 2 గంటలకోసారి సగానికి పడిపోతుంది. మానినప్పుడు వచ్చే చిరాకు, నిద్రపట్టకపోవడం, ఆకలి, ఏకాగ్రత లేకపోవడం మొదటి 24 గంటల్లోనే మొదలై 2, 3 రోజుల దగ్గర బాగా ముదిరి, 3, 4 వారాల్లో చాలావరకు పోతాయి. కాబట్టి 41వ రోజుకి ఒంటికి అది అక్కర్లేదు. ఆ సాయంత్రం కాల్చే మొదటి సిగరెట్టుని అడిగేది ఒళ్ళు కాదు, ఆ చోటు, ఆ మనుషులు. ఈ రెండిటికీ మందులు వేరు. ఒంటికి పొగ లేకుండా నికోటిన్ ఇచ్చే గమ్మో, చర్మానికి అంటించే ప్యాచో, చోటుకి మన ఏర్పాటు. ఒకదాని మందు ఇంకోదానికి వాడి "నాకు పని చెయ్యలేదు" అనడం రోజూ చూసే తప్పు.

రాత్రిడ్యూటీ
నాది ఏ రకమో ఎలా తెలుస్తుంది?

లెక్కల_మాస్టారు
రాస్తే తెలుస్తుంది. ఒక చిన్న కాగితం పాకెట్ చుట్టూ చుట్టి రబ్బరు బ్యాండు వెయ్యండి. సిగరెట్ తియ్యాలంటే బ్యాండు తీయాల్సిందే, అక్కడే సగం మత్తు వదులుతుంది. వెలిగించే ముందు నాలుగు ముక్కలు రాయాలి. టైము, చోటు, పక్కన ఎవరు, ఎంత తహతహగా ఉందో పదికి ఒక అంకె. ఒక వారం. ఈ వారంలో తగ్గించొద్దు, మామూలుగా కాల్చండి. తగ్గిస్తే లెక్క పాడవుతుంది.

ఇందులో తప్పెక్కడ జరుగుతుందంటే, పడుకునే ముందు గుర్తు చేసుకుని రాస్తారు. అప్పటికి అంకెలన్నీ ఏడు, ఎనిమిది అయిపోతాయి, ఎందుకంటే మన తెలివి మన తరఫున వాదించడం మొదలుపెడుతుంది. వెలిగించక ముందే రాయాలి. ఫోన్లో రాద్దామనుకుంటే అక్కడ ఇంకో అలవాటు కాచుకుని కూర్చుని ఉంటుంది, కాగితమే మేలు.

వారం అయ్యాక చూడండి. లేవగానే, తిన్నాక కాల్చేవాటికి 8, 9 ఉంటాయి. అవి నికోటిన్‌వి. టీమ్ లీడు లేపినప్పటివి చాలావరకు 2, 3 దగ్గరుంటాయి. అసలు ఒంటికి అక్కర్లేకుండానే కాల్చినవన్నమాట.

కాకినాడ_కాజా
అంటే పక్కవాడికి తోడు వెళ్ళి మన ఊపిరితిత్తులు ఇచ్చి రావడం. ఇదీ మర్యాదే.

చాయ్_తక్కువ_చక్కెర
నేనైతే మెల్లమెల్లగా తగ్గించమంట. పది నుంచి ఎనిమిది, ఎనిమిది నుంచి ఐదు. ఒక్కసారే బంద్ చేస్తే మనిషి ఆగమైతడు.

మందుల_చీటీ
చాలామంది అలాగే అనుకుంటారు. ఇంగ్లండ్‌లో దీన్ని సరిగ్గా పోల్చి చూశారు, 2016లో ఫలితాలొచ్చాయి. దాదాపు 700 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుని రెండు వారాలు తగ్గిస్తూ, ఇంకో గుంపుని ఒకే రోజు మాన్పించారు. నాలుగు వారాలకి తగ్గించినవాళ్ళలో 39 శాతం, ఒకేసారి మానినవాళ్ళలో 49 శాతం నిలబడ్డారు. ఇద్దరికీ ప్యాచులూ సలహాలూ ఇచ్చారు, అది మరిచిపోవద్దు. తగ్గిస్తూ పోతే వచ్చే చిక్కు ఏంటంటే, మిగిలిన ఆ ఐదు సిగరెట్లూ రోజులో బంగారమైపోతాయి. పైగా మనిషికి తెలియకుండానే ఒక్కో దమ్ము లోతుగా లాగుతాడు, చివరిదాకా కాలుస్తాడు.

చాయ్_తక్కువ_చక్కెర
39 శాతమన్న ఉన్నరు కదా. ఒకేసారి అనంగనే భయపడి అసలు మొదలే పెట్టనోడు ఏ శాతంల వస్తడు?

మందుల_చీటీ
అదీ నిజమే, ఒప్పుకుంటా. తేదీ పెట్టుకుని, ఆ తేదీ దాకా తగ్గించుకుంటూ వెళ్తే నాకు అభ్యంతరం లేదు. తేదీ లేకుండా "తగ్గిస్తున్నా" అంటేనే నమ్మను.

హైటెక్_బాతు
ఇంకో భ్రమ కూడా చెప్పాలి. "రోజుకి ఒక్కటే, ఏం కాదు" అంటారు. గుండె విషయంలో ఆ లెక్క పనిచెయ్యదు. రోజుకి ఒకటి కాల్చేవాడికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందంటే, 20 కాల్చేవాడికి పెరిగేదాంట్లో దాదాపు సగం. ఇరవయ్యో వంతు కాదు.

రాత్రిడ్యూటీ
గమ్ము ఒకసారి వాడా. గొంతు మంట, ఎక్కిళ్ళు. పనికిరాదని పారేశా.

మందుల_చీటీ
బబుల్‌గమ్ములా నమిలి ఉంటారు. అందరూ చేసేదే, మందుల షాపులో మేం కూడా చెప్పం, తప్పు మాది కూడా.

పద్ధతి ఇది. నెమ్మదిగా నమలాలి, మిరియం ఘాటులాంటిది రాగానే ఆపాలి. దవడకీ చిగురుకీ మధ్య పెట్టి వదిలేయాలి. నికోటిన్ నోటి లోపలి పొరలోంచి రక్తంలోకి వెళ్ళాలి, కడుపులోంచి కాదు. ఘాటు తగ్గాక మళ్ళీ నాలుగు నముల్లు, ఈసారి ఇంకో వైపు పెట్టాలి. అలా అరగంట. గబగబా నమిలి ఉమ్మి మింగితే మంట, ఎక్కిళ్ళు, వికారం వస్తాయి, తహతహ మాత్రం తగ్గదు.

గమ్ము వేసుకునే ముందు 15 నిమిషాలూ, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, టీ, కూల్‌డ్రింకు, పళ్ళరసం వద్దు. నోరు పులుపెక్కితే నికోటిన్ లోపలికి పోదు. చాయ్ తాగుతూ గమ్ము నమిలి "ఉత్తదే" అనేవాళ్ళు ఈ జాతే.

లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగిస్తే 4 ఎంజీ, ఆ తర్వాతైతే 2 ఎంజీ. 2 ఎంజీ చీటీ లేకుండా ఇస్తారు, 4 ఎంజీకి డాక్టరు చీటీ అడుగుతారు. మొదటి 6 వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత 3 వారాలు 2 నుంచి 4 గంటలకి, చివరి 3 వారాలు 4 నుంచి 8 గంటలకి. రోజుకి 24 దాటకూడదు. ఎక్కువమంది రెండు మూడుతో సరిపెట్టి పదో రోజుకి ఆపేస్తారు, ఆ తర్వాత గమ్ము మీద నింద. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు, గర్భిణులు డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

డల్లాస్_దోసె
కట్టుడు పళ్ళు ఉన్నవాళ్ళకి గమ్ము కష్టం, ప్యాచ్ నయం. ఇక్కడ అమెరికాలో రోజుకి పదికి పైన కాల్చేవాళ్ళకి 21 ఎంజీ ఆరు వారాలు, 14 ఎంజీ రెండు వారాలు, 7 ఎంజీ రెండు వారాలు అని పెట్టె మీదే ఉంటుంది. వెంట్రుకలు లేని పొడి చర్మం మీద, రోజూ చోటు మార్చి అంటించాలి, లేకపోతే ఎర్రగా దురద. రాత్రి పిచ్చి కలలొస్తే పడుకునే ముందు తీసేయొచ్చు. ప్యాచ్ ఉన్నా మధ్యలో గమ్ము వేసుకోవచ్చు, ఆ జోడీ ఒక్కదానికంటే బాగా పనిచేస్తుంది.

గుంటూరు_ఘాటు
వేప్, అదే ఈ-సిగరెట్, ఎవరూ అనలేదేంటి?

హైటెక్_బాతు
2019 నుంచి మన దేశంలో అమ్మడం, దిగుమతి అన్నీ నిషేధం. చాటుగా దొరికేదాంట్లో నికోటిన్ ఎంతో అమ్మేవాడికే తెలీదు. వదిలెయ్.

సిక్కోలు_పిల్ల
సిగరెట్ ఒకటే కాదు. మా శ్రీకాకుళం, విశాఖ తీరం పల్లెల్లో ముసలమ్మలు అడ్డచుట్ట కాలుస్తారు, మండే కొస నోట్లోనే పెట్టుకుని. నీళ్ళు మోస్తూ, వల సర్దుతూ గంటలకి గంటలు. ఆ వేడికి అంగిలి తెల్లగా మందమై, మీద ఎర్ర చుక్కలొస్తాయి, కొందరికి అక్కడే కేన్సర్. వాళ్ళకి "ఊపిరితిత్తులు పాడైపోతాయి" అంటే నవ్వేస్తారు. అద్దం పట్టుకుని అంగిలి చూపించాలి, అప్పుడు అడుగుతారు, ఇప్పుడేటి చెయ్యాలని. చుట్ట ఆపేస్తే ఆ మచ్చలు చాలామందికి తగ్గుముఖం పడతాయి కూడా. అది మాత్రం వెంటనే చెప్పాలి, లేకపోతే "ఎలాగూ పోయింది కదా" అని ఇంకోటి ముట్టిస్తారు.

చాయ్_తక్కువ_చక్కెర
బీడీ సంగతి కూడా జెప్పాలె. తునికాకు తొందరగ ఆరిపోతది, అందుకే సిగరెట్ కంటే ఎక్కువసార్లు గుంజుతరు. "చిన్నగుంటది కదా, తక్కువ నష్టం" అని సిగరెట్ నుంచి బీడీకి దిగేటోళ్ళున్నరు. దిగింది పైసలే.

గుంటూరు_ఘాటు
ఖైనీ, గుట్కావాళ్ళకి?

మందుల_చీటీ
గమ్ము పద్ధతి అదే. కాకపోతే వాళ్ళకి నోట్లో ఏదో ఒకటి ఉండాలన్న అలవాటు ఇంకా గట్టిది. సోంపు, లవంగం, యాలకులు, ఎండు ఉసిరి ముక్కలు ఖైనీ పెట్టుకునే అదే జేబులో పెట్టుకోవాలి. చెయ్యి పాత దారినే వెళ్తుంది, దొరికేది మారుతుంది. వక్కపొడికి మాత్రం మారొద్దు. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే కేన్సర్ తెస్తుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం దాన్ని కేన్సర్ తెస్తాయని రుజువైనవాటి మొదటి గ్రూపులో పెట్టి చాలా ఏళ్ళయింది. నోరు బిగుసుకుపోయే జబ్బుకి అసలు కారణం కూడా వక్కే. ఇప్పుడే చూసుకోండి, మీ మూడు వేళ్ళు ఒకదాని మీద ఒకటి నిలువుగా పెట్టి నోట్లో పట్టకపోతే దంతవైద్యుడికి చూపించాలి.

కాకినాడ_కాజా
ఈ పోస్టు చదివిన ప్రతివాడూ ఇప్పుడు నోట్లో మూడు వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.

రాత్రిడ్యూటీ
సిగ్గు లేకుండా అడుగుతున్నా. పొద్దున ఒకటి కాల్చకపోతే బాత్రూమ్ పని అవ్వదు. అందుకే ప్రతిసారీ ఆ మొదటి దాని దగ్గరే ఓడిపోతా.

పాతనాగలి
సిగ్గెందుకు, దేశంలో సగం మంది సమస్య అది.

మందుల_చీటీ
నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది, నిజమే. మానాక కొన్నాళ్ళు మలబద్ధకం వస్తుంది, తర్వాత పేగులు వాటంతటవే సర్దుకుంటాయి. రాత్రి ఒకటి రెండు చెంచాల ఇసబ్గోల్ నిండు గ్లాసు నీళ్ళతో తీసుకోండి. నీళ్ళు తక్కువైతే అదే గట్టిపడి ఇంకా ఇరుక్కుంటుంది. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్ళు, రోజూ ఒకే టైముకి కూర్చోవడం. అవ్వకపోయినా పది నిమిషాల్లో లేచి వచ్చేయడం.

ఇంకొన్ని ముందే తెలిసి ఉంటే భయపడరు. దగ్గు తగ్గాల్సింది పోయి మొదట్లో పెరగొచ్చు, ఊపిరి గొట్టాలు తమని తాము శుభ్రం చేసుకోవడం అది. నోటిపూత రావచ్చు. బరువు మొదటి ఏడాదిలో సగటున 4, 5 కిలోలు పెరుగుతుంది. కాఫీ, టీ సగానికి తగ్గించండి. పొగ వల్ల లివర్ కెఫీన్‌ని త్వరగా కరిగిస్తుంటుంది, పొగ ఆగాక అదే కప్పు రెండు కప్పుల పని చేస్తుంది. వణుకు, గుండెదడ, నిద్రపట్టకపోవడం వచ్చి "సిగరెట్ మానడం నా ఒంటికి పడలేదు" అనుకునేవాళ్ళలో చాలామందికి పడనిది ఆ నాలుగో కాఫీ. ఇదే కారణంతో ఆస్తమాకి థియోఫిలిన్, మానసిక చికిత్సలో క్లోజపిన్, ఓలాంజపిన్ వాడేవాళ్ళు మానేముందే డాక్టరుకి చెప్పాలి, డోసు మార్చాల్సి రావచ్చు.

సంకల్ప_బలం
ఇన్ని చెప్తే మనిషి మానడం మానేస్తాడు. 21 రోజులు ఓర్చుకుంటే ఏ అలవాటైనా మారుతుందని అందరికీ తెలిసిందేగా.

లెక్కల_మాస్టారు
అందరికీ తెలిసినదే గానీ నిజం కాదు. 2010లో లండన్‌లో 96 మంది మీద చూశారు, కొత్త అలవాటు దానంతటదే జరిగేలా కుదరడానికి ఎన్నాళ్ళు పడుతుందని. సగటున 66 రోజులు. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా తేడా రాలేదు. 21 నమ్మినవాడికి 22వ రోజు కష్టంగా ఉంటే తనలోనే లోపం అనిపిస్తుంది. ఆ నమ్మకం చేసే నష్టం అది.

సంకల్పం అక్కర్లేదని ఎవరూ అనట్లేదు స్వామీ. సంకల్పాన్ని ముందు రోజు ఖర్చు పెట్టండి, తెల్లవారుజామున 3 గంటలకి కాదు. అప్పటికి అది ఎవరి దగ్గరా మిగలదు.

హైటెక్_బాతు
ఆ 3 గంటల సంగతే రాత్రిడ్యూటీకి అసలు చిక్కు. నా సలహా, బ్రేకు మానొద్దు, సిగరెట్ మానండి. రెండూ ఒకటే అనుకుని బ్రేకు కూడా మానేసి రెండో రోజుకి పిచ్చెక్కి డబ్బా దగ్గరికి పరిగెడతారు. అదే టైముకి లేవాలి, పాన్ డబ్బా కనిపించని గేటు వైపో టెర్రస్ మీదకో వెళ్ళాలి. పది నిమిషాలు నడక. ఒక్కో తహతహ కొద్ది నిమిషాలే ఉంటుంది, ఎక్కువంటే పది. వీలైతే 15 నిమిషాల కునుకు, అలారం పెట్టుకుని. అరగంట దాటితే లేచాక తల దిమ్ముగా ఉంటుంది.

టీమ్ లీడుతో సంభాషణ కూడా ముందే తయారు చేసుకోండి. "కాల్చను" అని నిర్ణయించుకోవడం చాలదు, "అతను భుజం తట్టగానే నేను బాటిల్ తీసుకుని నీళ్ళ దగ్గరికి వెళ్తా" అని రాసుకోవాలి. ఇది జరిగితే అది చేస్తా అన్న జత. చెయ్యను అన్నది చెయ్యికి అర్థం కాదు, చేసే పని చెప్పాలి. అతనికి పగటిపూట, సిగరెట్ చేతిలో లేనప్పుడు ఒక్క ముక్క చెప్పండి. "అన్నా, నెల రోజులు నన్ను పిలవకు, ఇవ్వకు. నేను అడిగినా ఇవ్వకు." చాలామంది ఇవ్వరు. ఇచ్చేవాడెవడో కూడా తెలిసొస్తుంది.

కాకినాడ_కాజా
ఇంటావిడ సంగతి వదిలేశారు.

సిక్కోలు_పిల్ల
ఆవిడకి కాపలా ఉద్యోగం ఇవ్వకండి. పాకెట్ ఆవిడ చేతికిచ్చి "అడిగినా ఇవ్వకు" అంటారు కొందరు మొగుళ్ళు. ఆఫీసు స్నేహితుడికి అది సరే, ఇంట్లో మాత్రం మూడో రోజుకి ఆవిడ విలన్ అయిపోద్ది, ఈయన బైటికెళ్ళి చాటుగా కాలుస్తాడు, వచ్చి పుదీనా బిళ్ళ నములుతాడు. ఒక్కటే అడగండి. మొదటి రెండు వారాలు చిరాకు పడితే అది నికోటిన్ చిరాకని, రోజూ "కాల్చావా?" అని అడగొద్దని. అరిస్తే మాత్రం క్షమాపణ మీరే చెప్పాలి, అది నికోటిన్ చెప్పదు.

గుంటూరు_ఘాటు
ఒకటి జారితే?

డల్లాస్_దోసె
ప్యాచ్ తియ్యొద్దు, గమ్ము ఆపొద్దు, మిగిలిన పాకెట్ నీళ్ళలో తడిపి పారెయ్యాలి. చెత్తబుట్టలో పొడిగా వేస్తే అర్ధరాత్రి తిరిగి తీస్తారు. మళ్ళీ కొత్త తేదీ, కొత్త పాకెట్ అని సోమవారం దాకా వాయిదా వెయ్యొద్దు. ఎక్కడ జారిందో మాస్టారి కాగితం మీద రాస్తే చాలు. ఎక్కువగా మందు దగ్గరే జారుతుంది. రెండో పెగ్గు తర్వాత ఏ ఏర్పాటూ గుర్తుండదు కాబట్టి మొదటి నెల పార్టీలకి దూరం.

రాత్రిడ్యూటీ
సరే. ఈ వారం కాగితం మొదలుపెట్టా. తేదీ వచ్చే శుక్రవారం షిఫ్టు దిగిన పొద్దున. శని ఆదివారాలు సెలవు కాబట్టి ఆ కష్టమైన మూడు రోజుల్లో రెండు ఆఫీసు బయట గడుస్తాయి. తప్పేమైనా ఉందా?

మందుల_చీటీ
బాగుంది. ఒకటే, సెలవు రోజు మందు పార్టీ పెట్టుకోవద్దు. గురువారం రాత్రికే లైటర్లు, యాష్‌ట్రే, బైకు డిక్కీలో దాచినదీ తీసేయండి. లేవగానే కాలుస్తారని మీరే చెప్పారు కాబట్టి 4 ఎంజీకి చీటీ ఇప్పుడే రాయించుకుని, గమ్ము కొని పెట్టుకోండి. సోమవారం రాత్రి షిఫ్టు అసలు పరీక్ష, ఆ రాత్రి జేబులో కనీసం ఎనిమిది గమ్ములు.

లెక్కల_మాస్టారు
పాకెట్ మీద, పొగాకు మానడానికి సాయం చేసే ఫోన్ నంబరు చూశారా? 1800 11 2356. 2018 సెప్టెంబరు నుంచి ప్రతి పాకెట్ మీదా అచ్చేస్తున్నారు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తేదీ అడిగి, దానికి తగ్గట్టు వాళ్ళే మళ్ళీ ఫోన్ చేస్తారు.

రాత్రిడ్యూటీ
ఇన్నాళ్ళూ ఆ బొమ్మ కనపడకుండా పాకెట్ తిప్పి పెట్టేవాణ్ణి. ఎప్పుడు చెయ్యొచ్చు?

లెక్కల_మాస్టారు
ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. సోమవారం సెలవు. షిఫ్టు దిగి పడుకునే ముందు చెయ్యండి, సాయంత్రం లైను దొరకడం కష్టం.